గోల్డెన్ గేట్ వంతెన: ఏ గేమ్‌లో మేలు?

కార్ల ఆటల్లో ఉంది, తుపాకుల ఆటల్లో ఉంది, విమానం నడిపే సిమ్యులేటర్‌లో ఉంది, రాజ్యాలు కట్టే ఆటలోనూ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెనను గేమ్‌లు చేసేవాళ్లు ఏళ్ల తరబడి కడుతూనే ఉన్నారు, మధ్యలో కూల్చేశారు కూడా. వీటిలో ఏది మేలు అని మా వైజాగ్‌లో నలుగురు కుర్రాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే వాదన గ్రాఫిక్స్ దగ్గర మొదలై గ్రాఫిక్స్ దగ్గరే ఆగిపోతుంది. నేను మాత్రం వంతెన ఎక్కాక ఏమనిపిస్తుందో చూస్తాను. అవతలి ఒడ్డు దూరంగా అనిపించాలి. కింద లోతైన నీళ్లున్నాయని గుర్తుండాలి. పొగమంచు ఉండాలి. అది లేకపోతే ఎంత బాగా గీసినా ఎర్ర రంగు వేసిన ఫ్లైఓవరే.

ముందు అసలు వంతెన సంగతి. 1937 మే 27న తెరిచారు. రెండు టవర్ల మధ్య దూరం 1,280 మీటర్లు, 1964 దాకా ప్రపంచంలో ఏ వేలాడే వంతెనకూ అంత దూరం లేదు. టవర్ల ఎత్తు 227 మీటర్లు. మొత్తం పొడవు 2,737 మీటర్లు. గంటకు 45 మైళ్ల పరిమితి పాటిస్తూ వెళ్తే దాటడానికి రెండు నిమిషాలకు కాస్త పైనే పడుతుంది. దాని రంగు పేరు ఇంటర్నేషనల్ ఆరెంజ్. ఓడలకు బాగా కనబడాలని అమెరికా నేవీ నలుపు, పసుపు చారలు వేయమందట. ఆర్కిటెక్ట్ ఇర్వింగ్ మారో పట్టుబట్టి ఈ రంగుకు ఒప్పించాడు. ఇటు కొండ, అటు కొండ, మధ్యలో సముద్రం లోపలికి వచ్చే దారి, ఆ దారిలో ఓడలు. వైజాగ్‌లో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి హార్బర్‌లోకి నౌకలు వెళ్లడం చూస్తూ పెరిగినవాళ్లకు ఆ చోటు కొత్తగా అనిపించదు. బహుశా అందుకే ఈ వంతెనను ఎవరైనా అశ్రద్ధగా చూపిస్తే నాకు మనసొప్పదు.

మా తరానికి ఈ వంతెన మొదట పరిచయమైంది జీటీఏ శాన్ ఆండ్రియాస్ అనే ఆటలోనే, శాన్ ఆండ్రియాస్ అంటే అందులోని కల్పిత రాష్ట్రం. 2004 అక్టోబర్‌లో ప్లేస్టేషన్ 2కి, 2005 జూన్‌లో పీసీకి వచ్చింది. అందులో ఊరి పేరు శాన్ ఫియర్రో, వంతెన పేరు గాంట్ బ్రిడ్జ్. పేర్లు మార్చినా ఎర్ర టవర్లు చూడగానే ఏదో తెలిసిపోతుంది. ద్వారకానగర్ నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి ఆడిన రోజుల్లో ఈ వంతెన చేరడమే ఒక ఘనకార్యం. కథ అంతదాకా రాకముందే శాన్ ఫియర్రోలో అడుగుపెడితే నాలుగు స్టార్లు పడి పోలీసులు వెంటబడతారు. కొందరు కథను అంతదాకా ఆడి వెళ్లేవాళ్లు. ఎక్కువమంది కీబోర్డు మీద రాకెట్‌మ్యాన్ అని కొట్టి, వీపుకు జెట్‌ప్యాక్ తగిలించుకుని టవర్ మీదికే ఎగిరిపోయేవాళ్లు. పక్క సిస్టమ్ కుర్రాడు మెడ సాచి, “పైదాకా వెళ్లు గురూ, అక్కడో బోర్డు ఉంటాది” అనేవాడు. నిజంగానే ఉంది. ఇక్కడ ఈస్టర్ ఎగ్స్ (ఆటలో దాచిపెట్టే చిలిపి విశేషాలు) ఏమీ లేవు, వెళ్లిపోండి అని రాసి ఉంటుంది. ఎవరూ రారనుకునే చోట, అంత ఎత్తున, వచ్చినవాడి కోసం ఎవరో కూర్చుని ఆ ముక్క రాశారంటే కట్టినవాళ్లకు ఆ వంతెన మీద ఎంత ప్రేమో తెలుస్తుంది.

కొలతల ప్రకారం చూస్తే గాంట్ బ్రిడ్జ్ చాలా పొట్టిది. వేగమైన బండిలో ఎక్కితే ఇట్టే అయిపోవాలి. కానీ అలా అనిపించదు, కారణం పొగమంచు. ప్లేస్టేషన్ 2లో మెయిన్ మెమరీ 32 ఎంబీలే. అంత పెద్ద మ్యాప్‌లో దూరంగా ఉన్నవన్నీ ఒకేసారి చూపించడం దాని వల్ల కాదు కాబట్టి దూరాన్ని పల్చటి మసకతో కప్పేశారు. ఆ మసకలో అవతలి టవర్ ముందు నీడలా కనిపిస్తుంది, తర్వాత రంగు తేలుతుంది, తర్వాత తీగలు ఒక్కొక్కటిగా విడివడతాయి. అసలు గోల్డెన్ గేట్ కూడా వేసవిలో సరిగ్గా ఇలాగే, సముద్రం మీదినుంచి వచ్చే పొగమంచులో సగం మునిగి ఉంటుంది. మెషిన్ చేతకానితనాన్ని కప్పిపుచ్చడానికి వాడిన ఉపాయం వంతెనకు కలిసొచ్చింది.

దీనికి రుజువు 2021 నవంబర్‌లో దొరికింది. అదే ఆటను మెరుగులు దిద్ది డెఫినిటివ్ ఎడిషన్ అని మళ్లీ విడుదల చేశారు. ఇప్పటి మెషిన్లకు శక్తి ఉంది కదా అని మసక తీసేశారు. దాంతో ఆటలోని చిలియాడ్ కొండ ఎక్కితే రాష్ట్రమంతా ఒక్క చూపులో కనిపించసాగింది. ఊరికీ ఊరికీ మధ్య ఉందనుకున్న దూరమంతా ఉత్తిదేనని తేలిపోయింది. గాంట్ బ్రిడ్జ్ కూడా ఈ చివరనుంచి ఆ చివరదాకా శుభ్రంగా కనిపించి, శుభ్రంగా చిన్నదైపోయింది. కొత్త టెక్స్చర్లు (వస్తువుల మీది రంగు, నునుపు), కొత్త వెలుగులు ఎన్ని ఉన్నా ఆ నష్టాన్ని పూడ్చలేకపోయాయి.

దాటడంలో మజా మాత్రమే లెక్క అయితే శాన్ ఆండ్రియాస్‌ను పక్కకు నెట్టగలిగేది డ్రైవర్: శాన్‌ఫ్రాన్సిస్కో, 2011. రెండు వందల మైళ్లకు పైగా రోడ్లున్న మ్యాప్, అసలు కంపెనీల కార్లు. వంతెన దాటితే అవతల మారిన్ కొండలు కూడా ఉన్నాయి. ఇది చాలా ముఖ్యం. అవతల వెళ్లడానికి ఒక చోటు లేకపోతే వంతెన ఎందుకు? ఇందులో షిఫ్ట్ అనే విద్య ఒకటుంది. హీరో టానర్ కోమాలో పడి ఉంటాడు, అతని ప్రాణం మాత్రం ఒక డ్రైవర్‌లోంచి ఇంకో డ్రైవర్‌లోకి దూకుతుంటుంది. వంతెన నడిమధ్యలో ఉండగా బటన్ నొక్కితే కారును వదిలి పైకి లేస్తాం. రోడ్డు సన్నబడి గీతలా అవుతుంది, రెండు వైపులా నీళ్లు పరుచుకుంటాయి. ఎదురు లేన్‌లో వస్తున్న ఏదో ఒక కారు మీదికి గురి చూసి దిగితే, ఇందాక వచ్చిన దారినే తిరిగి వెళ్తుంటాం. వంతెనకున్న రెండు దిక్కులనూ ఇంత బాగా వాడుకున్న ఆట ఇంకోటి నాకు తెలియదు. విచారమేమిటంటే డిజిటల్ స్టోర్ల నుంచి దీన్ని ఎప్పుడో తీసేశారు, పాత డిస్కు దొరికినవాడే అదృష్టవంతుడు.

2016లో వచ్చిన వాచ్ డాగ్స్ 2లో వంతెన అందంగా ఉంది, అందులో సందేహం లేదు. ఫుట్‌పాత్ మీద నడవచ్చు, ఫోన్ తీసి సెల్ఫీ దిగొచ్చు, హీరో మార్కస్ దగ్గరున్న డ్రోన్‌ను పైకి వదలొచ్చు. బే ఏరియాలో ఉద్యోగం చేసే మా పెదనాన్నగారి అబ్బాయి పంపిన ఫొటోల పక్కన పెట్టి చూశాను, తేడా చెప్పడం కష్టం. నాకు నచ్చింది మాత్రం పడవ. పడవేసుకుని వంతెన కిందికి వెళ్లి తలెత్తితే, రోడ్డు అడుగున అల్లిన ఇనుప దూలాలు వరసగా నెత్తి మీదినుంచి సాగిపోతాయి. ఓడలో పనిచేసేవాడికి కనిపించే వంతెన అది. కాకపోతే ఊరంతటినీ కుదించినట్టే ఇక్కడా దూరం కుదించారు, పైగా ఎండ పూసిన హుషారు ఎక్కువ. దాటుతున్నప్పుడు ఒంటరితనం రాదు.

తుపాకుల ఆట కాల్ ఆఫ్ డ్యూటీ: అడ్వాన్స్‌డ్ వార్‌ఫేర్ గురించి మాట్లాడేటప్పుడు నేను మెత్తగా ఉండలేను. అందులో కొలాప్స్ అనే మిషన్‌లో డ్రోన్ల దండు వంతెన తీగల మీద పడి తెంచేస్తుంది, రోడ్డు ముక్కలుగా నీళ్లలోకి జారిపోతుంది. చేసినంతవరకు గొప్పగా చేశారు. అయితే ఆ ఆట వచ్చింది 2014 నవంబర్ మొదట్లో. అంతకు మూడు వారాల కిందట, అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద పడింది. చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి, ఎయిర్‌పోర్టు పైకప్పు చెదిరిపోయింది, రోజుల తరబడి కరెంటు లేదు. పెద్ద కట్టడం కూలడమంటే ఆ ఒక్క నిమిషం కాదని, మర్నాటి నుంచి మొదలయ్యేదని మాకు అప్పుడే తెలిసింది. ఆటలో వంతెన కూలగానే తర్వాతి మిషన్ వచ్చేస్తుంది. అవతలి ఒడ్డున మిగిలిపోయినవాళ్లు ఎలా ఇల్లు చేరారో ఎవరూ అడగరు. వంతెనను వంతెనగా కాకుండా పగలగొట్టే వస్తువుగా మాత్రమే చూసిన ఆట ఇది, నా వరసలో చివర.

రాజ్యాలు కట్టే ఆట సివిలైజేషన్ 6కి 2019లో అదనపు భాగంగా వచ్చిన గేదరింగ్ స్టార్మ్‌లో కూడా ఇది ఒక అద్భుత కట్టడంగా ఉంది. అక్కడ దాన్ని పైనుంచి చూడటమే తప్ప మనమే బండి వేసుకుని ఎక్కి వెళ్లేదేమీ లేదు. కానీ రెండు నేలల మధ్య నీళ్లున్న చోటు వెతికితేనే కట్టనిస్తుంది, ఆ పట్టింపు నాకు నచ్చింది.

ఇక 2020 నాటి మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. ఉపగ్రహ చిత్రాలతో భూగోళమంతా కట్టేశారు కాబట్టి ఇందులో కుదింపు లేదు, 2,737 మీటర్లంటే 2,737 మీటర్లే. లైవ్ వెదర్ పెట్టుకుంటే ఆ పూట అక్కడి ఆకాశాన్ని ఇక్కడికి తెస్తుంది. వేసవిలో వాళ్లకూ మనకూ పన్నెండున్నర గంటల తేడా. ఎంవీపీ కాలనీలో రాత్రి ఏడున్నరకు భోజనానికి ముందు సిస్టమ్ ఆన్ చేస్తే అక్కడ ఉదయం ఏడు. చిన్న సెస్నా విమానంలో వంతెన కిందనుంచి దూరి వెళ్తే ఆ టవర్ల అసలు పరిమాణం అప్పుడు అర్థమవుతుంది. అదే విమానాన్ని మన తీరానికి తెచ్చి యారాడ కొండల మీదుగా భీమిలి దాకా కూడా పోవచ్చు. లోటు ఒక్కటే, ఇందులో వంతెన మీద కాలు పెట్టలేం. కొలతకు ఇది ప్రథమం, దాటిన అనుభవానికి సున్నా. పైగా మంచి గ్రాఫిక్స్ కార్డు, ఆగని నెట్ రెండూ కావాలి.

కాబట్టి నా ఓటు పాత శాన్ ఆండ్రియాస్‌కే. వెన్నంటే డ్రైవర్, ఆ తర్వాత పడవ పుణ్యాన వాచ్ డాగ్స్ 2. డ్రైవర్ డిస్కు చేతికొచ్చిన రోజున మొదటి రెండు స్థానాలు తారుమారైనా నాకు అభ్యంతరం లేదు. ఇంట్లో పాత పీసీ ఉంటే పాత వెర్షనే వెతకండి. డెఫినిటివ్ ఎడిషన్ కొనేసినవాళ్లు కూడా దిగులుపడక్కర్లేదు. 2024 నవంబర్ అప్‌డేట్‌లో పాత ఆట వెలుగును, మసకను తిరిగి తెచ్చే క్లాసిక్ లైటింగ్ అనే ఆప్షన్ వచ్చింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అది ఆన్ చేసి, శాన్ ఫియర్రో వైపునుంచి వంతెన అవతలి ఊరు బేసైడ్ దాకా ఒకసారి నెమ్మదిగా నడిపి చూడండి, ఏదైనా మోటార్‌సైకిల్ మీదైతే ఇంకా మంచిది.