పెట్టె మీద ‘4కె సపోర్ట్’ అని ఉందని మానిటర్ కొనేయకండి: శ్రీకాకుళం వాళ్లకు నా హెచ్చరిక

మాది నరసన్నపేట. పెళ్లి కార్డులు, కరపత్రాలు డీటీపీ చేస్తాను. రోజుకు పది గంటలు కంప్యూటర్ ముందే. కళ్లకు హాయిగా ఉంటుంది, రాత్రిపూట తమ్ముడు గేమ్స్ ఆడుకుంటాడు అని, రెండు నెలల కిందట శ్రీకాకుళం వెళ్లి 17,500 రూపాయలు పెట్టి 27 అంగుళాల మానిటర్ తెచ్చాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘4కె సపోర్ట్’ అని ఉంది. బిల్లులో కూడా ‘4కె మానిటర్’ అనే రాసిచ్చారు. 4కె అంటే తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160 పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చిన్న చుక్కలు) ఉండాలి. నేను తెచ్చింది 4కె కాదు. ఆ సంగతి తెలిసేసరికి మూడు వారాలు గడిచాయి, ఒక ఆర్డరు నష్టం వచ్చింది. ఇంకెవరికీ ఇలా జరగకూడదని రాస్తున్నాను.

తెచ్చిన రోజే డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచాను. రిజల్యూషన్ (పిక్సెళ్ల లెక్క) జాబితాలో 3840 × 2160 కనిపించింది. సంబరంగా అదే పెట్టాను. అక్షరాలు చీమల్లా అయిపోయాయి. 4కె అంటే అంతే కదా అని స్కేల్ 150 శాతం చేశాను. సైజు పెరిగింది, మసక మాత్రం పోలేదు. విండోస్‌లో అక్షరాలను స్పష్టంగా చూపే క్లియర్‌టైప్‌ను మళ్లీ సరిచేశాను. షార్ప్‌నెస్ పెంచాను, తగ్గించాను. కొత్త కేబుల్ కొన్నాను. షాపుకు ఫోన్ చేస్తే, ‘సెట్టింగ్స్‌లో ఉంటాదండీ, రెండు రోజులు చూడండి, అలవాటైపోద్ది’ అన్నారు. తప్పు నాదేనేమో అనుకుని ఊరుకున్నాను.

ఇంగ్లిషు అయితే ఆ మసకలో ఎలాగోలా నెట్టుకురావచ్చు. తెలుగు అలా కాదు. ‘శుద్ధ’లో ధ ఒత్తు కింద చిన్న గీత, ‘జ్యేష్ఠ’లో ఠ ఒత్తు లోపల చుక్క, తెర మీద ఇవి ఒకటి రెండు పిక్సెళ్లకు మించవు. అవి చెరిగిపోతే ధ కాస్తా ద అవుతుంది, ఠ ఒత్తు వట్టి సున్నాలా మిగులుతుంది. నాకు జరిగింది అదే. 400 కార్డుల్లో తిథి దగ్గర ‘శుద్ధ’ బదులు ‘శుద్ద’ అని పడింది. టైపు చేసేటప్పుడు తప్పు కొట్టాను, నిజమే. కానీ ప్రూఫ్ మూడుసార్లు చూశాను, మూడుసార్లూ నా కంటికి అంతా సరిగానే ఉంది. పెళ్లికొడుకు తాతగారు రిటైరైన తెలుగు మాస్టారు. కార్డు పట్టుకొచ్చి, ఒత్తు మీద వేలు పెట్టి, ‘గీత ఏది బాబూ?’ అని అడిగారు. కార్డులన్నీ నా ఖర్చుతో మళ్లీ వేయించి ఇచ్చాను.

అదే వారం తమ్ముడు కూడా గొడవ మొదలుపెట్టాడు. పాత మానిటర్ మీద సెకనుకు 60 ఫ్రేములతో హాయిగా నడిచిన గేమ్ ఇప్పుడు 20 దాటడం లేదు, సీపీయూ డబ్బాలో ఫ్యాన్ హోరెత్తిపోతోంది, బొమ్మ చూస్తే పెద్ద తేడా లేదు అన్నాడు. అప్పుడు నాకు గట్టిగా అనుమానం వచ్చింది.

మా సందు చివర గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర కంటికి పెట్టుకునే భూతద్దం అరువు తెచ్చాను. తెర మీద తెల్లటి పేజీ తెరిచి, ప్లాస్టిక్ స్కేలు ఆనించి చూశాను. ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు ఉంటాయి. ఎర్ర గీతలు లెక్కపెడితే చాలు, పిక్సెళ్లు ఎన్నో తెలిసిపోతుంది. 27 అంగుళాల మానిటర్ తెర వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. నిజమైన 4కె అయితే ఒక్కో సెంటీమీటరుకు 64 పిక్సెళ్లు ఉండాలి. నాకు 32 వచ్చాయి. తమ్ముడు చూశాడు, వాడికీ 32. అంటే 1920 × 1080, మామూలు ఫుల్ హెచ్‌డీ. తర్వాత మాన్యువల్ వెతికితే చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ‘నేటివ్ రిజల్యూషన్ 1920 × 1080’ అని ఉంది. నేటివ్ అంటే తెరలో నిజంగా ఉన్న పిక్సెళ్ల లెక్క. సెట్టింగ్స్ జాబితాలో కూడా ‘రికమెండెడ్’ అనే మాట 1920 × 1080 పక్కనే ఉంది. నేనే పట్టించుకోలేదు.

‘4కె సపోర్ట్’ అంటే 4కె సిగ్నల్ పంపితే తీసుకుంటుంది అని మాత్రమే. తీసుకుని, తనకున్న పిక్సెళ్లలోకి కుదించి చూపిస్తుంది. 4కె బొమ్మలో 82,94,400 పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీలో 20,73,600. నాలుగింటిని కలిపి ఒకటి చేస్తే ధ ఒత్తు కింది గీత ఎక్కడ మిగులుతుంది? గేమ్‌లోనూ అంతే. గ్రాఫిక్స్ కార్డు నాలుగు రెట్లు చాకిరీ చేస్తుంది, అంచులు కాస్త నునుపు కావడం తప్ప తెర మీదకు వచ్చేది పాత వివరమే.

కాబట్టి షాపులో ‘4కె ఉందా’ అని అడగకండి. ‘నేటివ్ రిజల్యూషన్ ఎంత’ అని అడగండి, ఆ అంకెలు బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడితే బయటకు వచ్చేయండి. డబ్బులు కట్టకముందే మానిటర్ ఆన్ చేయించి, ఒత్తులు ఎక్కువున్న తెలుగు పేజీ తెరిపించి చూడండి. ఆ మోడల్ నంబరుతో కంపెనీ సైటులో వివరాలు చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. కేబుల్ గుచ్చే పోర్టు ఏ రకమో కూడా అడగండి. హెచ్‌డీఎంఐ 1.4 మీద 4కె అయితే 30 హెర్ట్జ్ (తెర మీద బొమ్మ సెకనుకు 30 సార్లు మారడం) దాటదు, మౌస్ కూడా ఈడ్చుకుంటూ కదులుతుంది. 2.0 అయితే 60 వస్తుంది.

అక్షరాలు చిన్నగా ఉన్నాయని చాలామంది రిజల్యూషన్ తగ్గిస్తారు. మా కస్టమర్ల ఇళ్లలో కూడా చూశాను. అది చేయకండి. రిజల్యూషన్ ఎప్పుడూ నేటివ్‌లోనే ఉంచి, స్కేల్ పెంచుకోండి. గేమ్ బరువైతే విండోస్‌లో కాదు, గేమ్ లోపలి సెట్టింగ్స్‌లో తగ్గించండి. అందులో ఎఫ్ఎస్ఆర్ గానీ డీఎల్ఎస్ఎస్ గానీ ఉంటే అది ఇంకా మంచిది. బొమ్మను తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేస్తుంది, తెర మీది రాతలు మాత్రం చెడవు.

నాలాగా పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పని చేసేవాళ్లకు ఇంకో మాట. పేజ్‌మేకర్ పాతకాలం సాఫ్ట్‌వేర్, స్కేలింగ్ దానికి తెలియదు. 150 శాతం పెడితే విండోస్ దాన్ని ఫొటో సాగదీసినట్టు సాగదీస్తుంది, నిజమైన 4కె మీద కూడా మసకే. ఆ పనికి 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ, స్కేల్ 100 శాతం చాలు. నన్నడిగితే అదే కొనమంటాను.

మానిటర్ పట్టుకుని షాపుకు వెళ్తే బిల్లు మీది ముద్ర చూపించారు: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’. ఆ ముద్ర చూసి భయపడకండి. బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న వస్తువును 30 రోజుల్లో తిరిగి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లు, పెట్టె ఫొటో, మాన్యువల్ పేజీ పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు కూడా లేదు. షాపువాళ్లు ఇప్పుడు ‘మాట్లాడుకుందాం రండి’ అంటున్నారు. నేను మాత్రం డబ్బు చేతికి వచ్చేదాకా ఫిర్యాదు వెనక్కి తీసుకోను. పెట్టె, థర్మాకోల్ అన్నీ అటక మీద భద్రంగా దాచాను.