ఫ్యాక్టరీ రేటా, షాపు దాకా రేటా: గ్రైండర్ డీలరుకు ఏది మేలు?

బెంగళూరులో గ్రైండర్లు అమ్మే మనవాళ్ల షాపు బీవీకే అయ్యంగార్ రోడ్డులో ఉన్నా, కె.ఆర్.పురంలో ఉన్నా కోయంబత్తూరు కంపెనీ సేల్స్‌మన్ చెప్పేది రెండు రేట్లే. ఒకటి ఎక్స్-ఫ్యాక్టరీ: గేటు దాటాక అన్నీ మీవే. రెండోది ఎఫ్.ఓ.ఆర్.: లారీ కిరాయి కంపెనీది. మొదటిది పీసుకు 70 రూపాయలు తక్కువ అనుకుందాం. ఆ 70 కంపెనీ జేబులోంచి వచ్చింది కాదు. తన ఖర్చును మీ పద్దులో వేసి, దానికి డిస్కౌంట్ అని పేరు పెట్టింది, అంతే.

లెక్క కోసం 2 లీటర్ల టేబుల్‌టాప్ గ్రైండర్లు 50 తీసుకుందాం. ఎక్స్-ఫ్యాక్టరీలో మిగిలేది 3,500. పార్ట్ లోడు (వేరేవాళ్ల సరుకుతో కలిపి ఒకే లారీలో) కిరాయి పీసుకు 45 చొప్పున 2,250. కలాసిపాళ్యం ట్రాన్స్‌పోర్టు గోడౌను నుంచి షాపుకు టెంపో 900, దించడానికి హమాలీ 250. మొత్తం 3,400 పోయి చేతిలో మిగిలింది వంద. ఒక్క పీసు బాడీ చిట్లి, మార్చడానికి 600 అయిందంటే ఆ వందా పోయి ఎదురు 500. కిరాయి మీద రివర్స్ చార్జ్ జీఎస్టీ (ట్రాన్స్‌పోర్టు వాడి బదులు మీరే కట్టేది) 5 శాతం పడితే అది వేరే. క్రెడిట్ తర్వాత వస్తుంది కానీ ముందు కట్టాల్సింది నగదే.

అసలు తేడా కిరాయిలో కాదు, పగిలిన సరుకు ఎవరి నెత్తిన పడుతుందన్న దాంట్లో ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే లారీకి ఎక్కించిన సరుకు కొన్నవాడికి అప్పగించినట్టే. ట్రాన్స్‌పోర్టు వాణ్ని పట్టుకుందామంటే, ఎక్కువ రిస్కు రేటు కట్టకుండా బుక్ చేసిన సరుకుకు వాడి బాధ్యత కిరాయికి 10 రెట్ల దగ్గర ఆగిపోతుంది. 45 రూపాయల కిరాయికి 450. మూడున్నర వేల గ్రైండరుకు అదేం మూలకు? పైగా బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే కేసు వేయడానికీ వీల్లేదు. పనికిరాదని పారేసిన పీసు మీద తీసుకున్న 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి వచ్చే మినహాయింపు) కూడా తిరిగి కట్టాలి. ఈ చివరి ముక్క ఆడిటర్ చెప్పేదాకా చాలామందికి తట్టదు.

పగలడానికి మొదటి కారణం అట్టపెట్టె. గ్రైండర్ బరువంతా రాయే. కంపెనీ ఐదు ప్లై (ఐదు పొరల) పెట్టెను మూడు ప్లైకి దించితే మిగిలేది కొద్ది రూపాయలే, కానీ పెట్టె అంచు కోసి చూస్తే రెండు ముడతల పొరలు ఉండాల్సిన చోట ఒకటే కనిపిస్తుంది. వానాకాలంలో అట్ట తేమ పీల్చి మెత్తబడుతుంది, నాలుగు వరసలు పేర్చేసరికి కింది వరస పక్కలకు ఉబ్బుతుంది. ఇంకో చోటా చూడాలి: రోలరు రాళ్లకు విడిగా గూడు ఉందా, డ్రమ్ములోనే పడేశారా? డ్రమ్ములో వదిలేస్తే దారి పొడవునా అవి స్టీలుకు కొట్టుకుని సొట్టలు పెడతాయి, రోలరు హోల్డరు వంగుతుంది. ఒక పీసు విప్పి చూడకుండా 50 ఆర్డరు పెట్టకండి. కొబ్బరి కోరే అటాచ్‌మెంట్ పెట్టెలోంచి మాయమైందా అన్నదీ అప్పుడే తెలుస్తుంది. అది లేకపోతే కస్టమరు తిట్టేది మిమ్మల్నే.

ఎఫ్.ఓ.ఆర్.లోనూ మెలిక ఉంది. బిల్లులో 'ఎఫ్.ఓ.ఆర్. బెంగళూరు' అని మాత్రమే ఉంటే కలాసిపాళ్యం గోడౌనులో దించి చేతులు దులుపుకోవచ్చు. టెంపో, హమాలీ మళ్లీ మీకే. 'షాపు డెలివరీ, దారిలో పగిలితే కంపెనీ బాధ్యత' అని ఆర్డరు మీదే రాయించండి. సరుకు దిగగానే బిల్టీ (ట్రాన్స్‌పోర్టు రసీదు) మీద సంతకం గీకేయొద్దు. లెక్కపెట్టి, నలిగిన పెట్టెలు డ్రైవరు ఎదుట విప్పి, 'మూడు పెట్టెలు నలిగినవి' అని సంతకం పైనే రాసి, సీరియల్ నంబరు కనిపించేలా ఫోటోతో అదే రోజు మెయిల్ పెట్టాలి. ఏమీ రాయని సంతకం ఉంటే క్లెయిము దాదాపు పోయినట్టే.

విడివిడిగా 20, 50 పీసులు దించుకునే షాపుకు షాపు డెలివరీ ఎఫ్.ఓ.ఆర్. మేలు, ఇందులో రెండో మాట లేదు. ఫుల్ లోడు (లారీ నిండా) ఎత్తేవాళ్లకు ఎక్స్-ఫ్యాక్టరీ నిజంగా లాభం: పీసు కిరాయి సగానికి సగం పడిపోవచ్చు, మధ్యలో గోడౌను మార్పిడి ఉండదు, ఐదు ప్లై పెట్టె కావాలని గట్టిగా అడిగే బలమూ ఉంటుంది. ట్రాన్సిట్ ఇన్సూరెన్సు మాత్రం సొంతంగా తీసుకోవాలి.

ఏ రేటుకు కొన్నా వారంటీ పీసు వెనక్కి పంపే కిరాయి సంగతి విడిగా తేల్చుకోండి. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు కలిపి పీసుకు వంద దాటితే, ఆ 70 తగ్గింపు ఒక్క రిటర్నుతోనే ఎగిరిపోతుంది. రానుపోను కిరాయి తనదని రాసివ్వని కంపెనీని ఇంకో 30 తగ్గించమని అడగండి.