వింటి వీపుకు వెదురా, హికరీనా?

వీపంటే నారి లాగినప్పుడు సాగే వైపు, పొట్టంటే విలుకాడికి ఎదురుగా ఉండి నొక్కుకునే వైపు. వీపుకు అతికించే బద్ద గురించే ఈ మాట. హికరీ అంటే ఒక గట్టి అమెరికా చెక్క.

వెదురు: సాగుడు బాగా తట్టుకుంటుంది, తేలిక. పనే ఎక్కువ. లోపలి వైపు చదునుచేసి నడుమ 3 మి.మీ., అంచులు 1.5 మి.మీ.కి దించాలి. పై పెచ్చును కోయొద్దు. కణుపుల్ని గరుకు కాగితంతో కాస్త రుద్దితే చాలు. మందంగా వదిలేస్తే పొట్టవైపు చెక్క నలిగి వెంట్రుకంత అడ్డగీతలు పడతాయి.

హికరీ: చదునైన 3 మి.మీ. బద్ద, అతికించడం సులువు. చెక్కలోని నారగీతలు మాత్రం చివరిదాకా తెగకుండా సాగాలి. తేమ పీల్చిందా, విల్లు వంగినట్టే ఉండిపోతుంది.

కొలతలు దాదాపు ఒకటే: 28 అంగుళాలు లాగేవారికి 66–68 అంగుళాల పొడవు, 1.25–1.5 అంగుళాల వెడల్పు.

పొట్టకు ఇపే, ఓసేజ్ లాంటి గట్టి చెక్క దొరికితే వెదురు. ఎర్ర ఓక్, మేపుల్ అయినా, మొదటి విల్లయినా హికరీనే. ఇపేలో నూనె ఎక్కువ. జిగురుకు ముందు అసిటోన్‌తో తుడవండి.