టెర్మినల్ నుంచి ఇంటి లైట్లు: మూడు దారుల్లో ఏది మేలు?

టెర్మినల్‌లో, అంటే కంప్యూటర్‌లో కమాండ్లు టైపు చేసే విండోలో, ఒక లైను కొట్టి లైటు ఆర్పడం సరదాగానే ఉంటుంది, ఏ దారి పట్టినా కాసేపట్లో కుదిరిపోతుంది కూడా. తేడా తెలిసేది ఆ తర్వాతే. కమాండు ఏ ఎర్రరూ లేకుండా ముగిసింది సరే, లైటు నిజంగా ఆరిందా? అది చూడ్డానికి లేచి పక్క గదికి వెళ్లాల్సి వస్తే, ఆ వెళ్లేదేదో వెళ్లి స్విచ్చే నొక్కొచ్చు కదా. అందుకే నేను వీటిని పోల్చేటప్పుడు ఎంత తేలిగ్గా చెప్పొచ్చు అన్నదానికంటే, చెప్పింది జరిగిందని ఎంత నమ్మకంగా తెలుస్తుంది అన్నదే ఎక్కువగా చూస్తాను.

మొదటి దారి, పరికరంతో నేరుగా మాట్లాడే టూల్స్. టీపీ-లింక్ వాళ్ల కాసా ప్లగ్గులకు (వైఫై మీద ఆన్, ఆఫ్ అయ్యే స్మార్ట్ ప్లగ్గులు) పైథాన్-కాసా అని ఒకటుంది. డిస్కవర్ అంటే నెట్‌వర్క్‌లో ఉన్న ప్లగ్గులన్నీ వరసగా కనిపిస్తాయి, ఐపీ అడ్రస్ ఇచ్చి ఆన్ అంటే వెలుగుతుంది. మధ్యలో సర్వర్ లేదు, జవాబు ఆ ప్లగ్గు నుంచే వస్తుంది కాబట్టి నమ్మొచ్చు. ఒకటో రెండో ప్లగ్గులుంటే ఇంకేమీ చూడొద్దు, ఇదే చాలు. పాత కాసా ప్లగ్గులు మాత్రం 9999 పోర్టులో పాస్‌వర్డ్ లేకుండా, అదే నెట్‌వర్క్‌లో ఎవరు చెప్పినా వింటాయి, అది గుర్తుంచుకోండి. కొత్త మోడళ్లలో చాలావాటికి కంపెనీ అకౌంటు వివరాలు ఇవ్వాలి. ఇక ఫిలిప్స్ హ్యూ లైట్లు కూడా ఉన్నాయనుకోండి, దానికి బ్రిడ్జి (ఆ లైట్లను ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే చిన్న పెట్టె) మీద బటన్ నొక్కి కీ తెచ్చుకోవడం అని వేరే తతంగం. బ్రాండ్ పెరిగినకొద్దీ స్క్రిప్టు కలగూరగంప అవుతుంది. రౌటర్ ఐపీ మార్చినప్పుడల్లా ఆగిపోతుంది కూడా, అందుకని డీహెచ్‌సీపీ రిజర్వేషన్, అంటే ఈ ప్లగ్గుకి ఎప్పుడూ ఇదే ఐపీ ఇవ్వమని రౌటర్‌కి చెప్పే సెట్టింగ్, ముందే పెట్టుకోవాలి.

రెండోది హోమ్ అసిస్టెంట్, ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ ఒకచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్. అది ఇప్పటికే మీ ఇంట్లో నడుస్తుంటే ఆలోచించాల్సిన పనే లేదు, ఎందుకంటే వేర్వేరు బ్రాండ్లన్నిటినీ ఒకే పద్ధతిలోకి తెచ్చే కష్టం అది ఎప్పుడో పడేసింది. ప్రొఫైల్ పేజీలో లాంగ్-లివ్డ్ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు వాడే పొడవాటి కీ) ఒకటి తీసుకుని, 8123 పోర్టుకు కర్ల్‌ (టెర్మినల్ నుంచి వెబ్ రిక్వెస్టులు పంపే టూల్)తో పోస్ట్ రిక్వెస్ట్ పంపితే సరిపోతుంది. ఆ టోకెన్ 10 ఏళ్లు పనిచేస్తుంది, కాబట్టి కమాండులోనే అతికించి షెల్ హిస్టరీలో వదిలేయకండి, మీకు తప్ప ఎవరికీ చదివే అనుమతి లేని ఫైల్లో పెట్టుకోండి. హాస్-సీఎల్ఐ అనే టూల్ కూడా ఉంది, బాగానే ఉంటుంది, కానీ నాకు కర్లే అలవాటు. ఇందులో ఒక మెలిక ఉంది. బల్బుకు అసలు కరెంటే లేకపోయినా 200 అని, అంటే వెబ్ భాషలో అంతా సరే అని, మంచి జవాబే వస్తుంది, కాకపోతే దాంతోపాటు ఖాళీ జాబితా వస్తుంది. అది చూడకుండా 200 ఒక్కటే నమ్ముకుంటే మోసపోతాం. పరికరాల ప్రస్తుత స్థితి చెప్పే స్టేట్స్ అడ్రస్‌ను మళ్లీ అడిగి, అన్‌అవైలబుల్ అని వస్తోందేమో చూసుకోవాలి.

మూడోది ఎంక్యూటీటీ, అంటే పరికరాలు చిన్న చిన్న మెసేజ్‌లతో మాట్లాడుకునే పద్ధతి, నా ఓటు దీనికే. 1999లో చమురు పైపులైన్లను శాటిలైట్ లింకు మీద గమనించడానికి పుట్టిన ప్రోటోకాల్ ఇది, బ్యాండ్‌విడ్త్‌ను చాలా పొదుపుగా వాడుకునేలా తయారైంది. మస్కిటో బ్రోకర్ (మెసేజ్‌లు అందుకుని వినేవాళ్లకు చేరవేసే సర్వర్) ఒకటి పెట్టి, టాస్మోటా (కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు పరికరంలో వేసుకునే ఫర్మ్‌వేర్) వేసిన ప్లగ్గులనూ, జిగ్బీ-టు-ఎంక్యూటీటీ అనే ప్రోగ్రాం ద్వారా జిగ్బీ (వైఫై కాని వేరే వైర్‌లెస్ పద్ధతి) బల్బులనూ దానికి కలిపితే, రెండే కమాండ్లు: చెప్పడానికి మస్కిటో-పబ్, వినడానికి మస్కిటో-సబ్. పెట్టుకోవడానికి మాత్రం ఓ పూట పోతుంది. 2.0 వెర్షన్ నుంచి మస్కిటో మామూలుగా అదే మెషీన్‌కి తప్ప తలుపు తీయదు, లిజనర్ (బయటి కనెక్షన్లు ఏ పోర్టులో వినాలో చెప్పే లైను), పాస్‌వర్డ్ మీరే రాసుకోవాలి. తెలియక చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

పబ్‌కి ఉన్న జబ్బేంటంటే, టాపిక్ (మెసేజ్ ఎవరికోసమో చెప్పే చిరునామా) పేరులో ఒక్క అక్షరం తప్పినా నోరెత్తదు. వినేవాళ్లు లేకపోయినా పంపేశానంటుంది. అందుకే సబ్‌ను ముందు మొదలుపెట్టి, తర్వాత పబ్ కొట్టాలి. ఒక్క మెసేజ్ రాగానే ఆగిపొమ్మని సబ్‌కి చెప్పొచ్చు, ఇన్ని సెకన్లలో రాకపోతే వదిలెయ్యమనీ చెప్పొచ్చు. టాస్మోటా అయితే తన స్థితిని స్టాట్ టాపిక్‌లో చెబుతుంది, నెట్‌వర్క్ నుంచి పడిపోతే బ్రోకరే దాని తరఫున ఆఫ్‌లైన్ అని ప్రకటిస్తుంది. మిగతా రెండు దారుల్లో మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకునేది ఇక్కడ దానంతటదే వచ్చి చెవిలో పడుతుంది.

చివరి మెసేజ్‌ను దాచి, కొత్తగా కనెక్ట్ అయినవాళ్లకు ఇవ్వమని బ్రోకర్‌కి చెప్పే రిటైన్ ఫ్లాగ్ విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. స్థితి టాపిక్‌కి అది మంచిదే కదా అని ఆన్ కమాండుకి కూడా తగిలించాను. బ్రోకర్ దాన్ని దాచిపెట్టుకుంది. ఓ అర్ధరాత్రి రౌటర్ రీస్టార్ట్ అయింది, ప్లగ్గు మళ్లీ కనెక్ట్ అయింది, పాత ఆన్ దాని చేతిలో పడింది, హాల్లో లైటు భళ్లున వెలిగింది. ఇంట్లో దొంగలు పడ్డారనుకున్నారు. అలా రెండుసార్లు జరిగాక గానీ కారణం దొరకలేదు. అదే టాపిక్‌కి రిటైన్‌తో ఖాళీ మెసేజ్ పంపితే వదిలింది. ఇంకోటి, మూడింట్లో ఏది వాడినా సరే, స్క్రిప్టుల్లో టాగుల్ (ఉన్న స్థితిని తిరగేసే కమాండు) వద్దు. ఆన్ అనో ఆఫ్ అనో తేల్చి చెప్పండి, రెండుసార్లు నడిచినా నష్టం ఉండదు.

ఇప్పుడు పడుకునే ముందు ఒక స్క్రిప్టు నడుపుతాను. అన్నిటికీ ఆఫ్ పంపి, 3 సెకన్లు ఆగి, బదులు పలకని వాటి పేర్లు మాత్రమే చూపిస్తుంది. చాలా రోజులు ఏమీ చూపించదు. బాత్రూమ్ బల్బు పేరు మాత్రం వారానికోసారైనా పడుతుంది, ఎవరో ఒకరు గోడ మీద స్విచ్చే ఆపేసి ఉంటారు.