విజయనగరంలో ట్రేడింగ్ కోచింగ్: 41,300 రూపాయలకు మాకు దక్కినదేమిటి

2025 ఆగస్టులో విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక స్టాక్ మార్కెట్ శిక్షణ సంస్థలో నేను, నా మేనల్లుడు కలిసి చేరాము. నలభై అయిదు రోజుల ప్రాథమిక కోర్సుకు తలకు 35,000 రూపాయల ఫీజు, దానిపై 18 శాతం జీఎస్టీ 6,300, వెరసి 41,300 రూపాయలు. చాలా ఏళ్లు జూనియర్ కళాశాలలో కామర్స్ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక షేర్లు, డిబెంచర్ల వంటి మాటలు నాకు కొత్త కావు. కానీ ఆప్షన్ల (షేరును గానీ, షేర్ల సూచీని గానీ ముందే అనుకున్న ధరకు నిర్ణీత తేదీకి కొనే లేదా అమ్మే హక్కుల) వ్యాపారం మాత్రం నేను ఎన్నడూ చేయలేదు. బీటెక్ పూర్తిచేసిన మా మేనల్లుడు, ఉద్యోగం దొరికేలోగా ఆప్షన్లలో నెలకింత సంపాదించవచ్చని నమ్మి, అదే సంస్థలో అడ్వాన్స్ కోర్సుకు 75,000 రూపాయలు కట్టడానికి సిద్ధమయ్యాడు. ముందు ప్రాథమిక కోర్సు ఇద్దరం కలిసి చూసి, ఆ తర్వాత తేల్చుకుందామని మా అక్కకు నచ్చజెప్పి నేనూ చేరాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. చేరేముందు ఊళ్లోనే మరో రెండు చోట్ల విచారిస్తే అక్కడా ఇంచుమించు ఇవే మాటలు, ఇవే ఫీజులు వినిపించాయి; కాబట్టి చదివేవారికి పేరుకన్నా పద్ధతి తెలియడమే ఎక్కువ ఉపయోగమని నా అభిప్రాయం.

బాగున్నవి ముందు చెప్పాలి. బోధకుడు తెలుగులో, మన ప్రాంతపు మాటల్లో, విసుగు లేకుండా చెప్పారు. బొబ్బిలి నుంచి రోజూ రైలులో వచ్చే ఒక కిరాణా వ్యాపారి లిమిట్ ఆర్డరుకూ మార్కెట్ ఆర్డరుకూ తేడా మూడుసార్లు అడిగినా మూడుసార్లూ ఓపికగా వివరించారు. డీమ్యాట్ ఖాతా అంటే ఏమిటి, స్టాప్‌లాస్ (నష్టం అంతకు మించకుండా బయటపడే ధర) ఎక్కడ పెట్టాలి, ఒక్క ట్రేడులో మొత్తం పెట్టుబడిలో ఎంత వంతు వరకు పోగొట్టుకోవడానికి సిద్ధపడవచ్చు అనే విషయాలు మొదటి పన్నెండు రోజుల్లోనే చక్కగా అందాయి. అన్నింటికన్నా నాకు నచ్చింది కాంట్రాక్ట్ నోట్ మీద జరిగిన పాఠం. బ్రోకరు పంపే ఆ కాగితాన్ని తెర మీద పెట్టి, ఒక్కో వరుసా చదివించి, ఏ రూపాయి ఎవరికి పోతుందో లెక్క కట్టించారు.

ఆ లెక్క ఇక్కడ చూపడం అవసరం. అప్పటికి నిఫ్టీ (పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఆప్షన్లలో ఒక లాటు, అంటే ఒకసారికి కొనవలసిన కనీస సంఖ్య, 75. ప్రీమియం, అంటే కొనే ధర, 100 రూపాయలున్న ఆప్షన్ ఒక లాటు కొంటే 7,500 అవుతుంది. అదే ధరకు తిరిగి అమ్మేశామనుకుందాం. లాభమూ లేదు, నష్టమూ లేదు అనిపిస్తుంది. కానీ కొనడానికి 20, అమ్మడానికి 20 చొప్పున బ్రోకరేజీ, అమ్మకం విలువపై అప్పటి 0.1 శాతం చొప్పున ఏడున్నర రూపాయల ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను), ఎక్స్ఛేంజి రుసుము అయిదు రూపాయల చిల్లర, బ్రోకరేజీ మీదా ఆ రుసుము మీదా 18 శాతం జీఎస్టీ, కొన్ని పైసల స్టాంపు డ్యూటీ కలిపితే 60 రూపాయల పైచిలుకు జేబులోంచి పోతుంది. రోజుకు రెండు ట్రేడుల చొప్పున నెలలో ఇరవై రోజులు చేస్తే దాదాపు 2,400, ఏడాదికి 29,000 దాకా. మార్కెట్ ఎటూ కదలకపోయినా అయ్యే ఖర్చు ఇది. ఈ ఒక్క పాఠం కోసం నేను రెండు వేలు సంతోషంగా ఇచ్చి ఉండేవాణ్ణి.

అసలు అమ్ముతున్న సరుకు మాత్రం ఇది కాదు. మూడో వారం నుంచి చార్టులు మొదలయ్యాయి. ప్రొజెక్టరు మీద నిఫ్టీ చార్టు పెట్టి, మౌసుతో ఎడమవైపుకు జరుపుతూ, 'ఇదిగో ఎంగల్ఫింగ్, దాని తర్వాత ఎంత పెరిగిందో చూడండి' అని చూపించేవారు (ఒక రోజు ధరల గీత ముందు రోజు గీతను పూర్తిగా కప్పేస్తే ఆ గుర్తును ఎంగల్ఫింగ్ అంటారు). చూపించిన ప్రతి చోటా పెరిగింది. పెరిగిన చోట్లే చూపిస్తున్నారు కదా అన్న అనుమానం నాకు నాలుగో రోజున కలిగింది. ఇంటికి వచ్చి మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో పాత చార్టు తెరిచి, తెర కుడి సగాన్ని గోడ కాలెండరు నుంచి చించిన కాగితంతో మూసి, ఒక్కో కొవ్వొత్తి (చార్టులో ఒక రోజు ధరలను చూపే గీత) బయటపడేలా చార్టును మెల్లగా జరుపుతూ వచ్చాము. ఆ గుర్తు కనిపించిన ప్రతిసారీ, తర్వాతి మూడు రోజుల్లో ధర పెరుగుతుందని ముందుగా పొడుగు నోటుపుస్తకంలో రాసుకుని, ఆ తర్వాతే కాగితం పక్కకు జరిపేవాళ్లం. నలభై సందర్భాల్లో పందొమ్మిదింట పెరిగింది, ఇరవై ఒకటింట పెరగలేదు. నలభై లెక్కలతో ఏ సిద్ధాంతమూ రుజువు కాదని నాకు తెలుసు. అయితే తరగతిలో నలభైకి నలభై పెరగడానికీ, మా ఇంట్లో సగం కూడా పెరగకపోవడానికీ కారణం ఆ కాలెండరు కాగితమేనని మా మేనల్లుడికి ఆ రాత్రే అర్థమైంది. నేను చెబితే వినని మాట అది.

మరునాడు ఈ నోటుపుస్తకం బోధకుడికి చూపించాను. ఆయన కోపగించుకోలేదు, 'గురువుగారూ, గుర్తు ఒక్కటే చాలదండి, దానికి తోడు మిగతా కన్ఫర్మేషన్లు అడ్వాన్స్‌లో వస్తాయి' అన్నారు. అంటే 41,300కు నేర్పినది పనిచేయడానికి ఇంకో 75,000 కావాలన్నమాట. ఆ అడ్వాన్స్ కోర్సులోని వ్యూహాలతో మీరెంత సంపాదించారని బొబ్బిలి వ్యాపారి అడిగితే, బోధకుడు తన ఫోనులో ఒక రోజు లాభం తాలూకు స్క్రీన్‌షాట్ చూపించారు. ఏడాది మొత్తం ట్రేడుల పట్టిక గానీ, ఆదాయపు పన్ను రిటర్ను గానీ చూపమన్నప్పుడు అది వ్యక్తిగత విషయమని మాట మార్చారు. స్క్రీన్‌షాట్ ఒక రోజుది. అదే రోజు మరో ఖాతాలో ఏమి జరిగిందో, మిగిలిన రోజుల్లో ఏమి జరిగిందో అది చెప్పదు. ఫీజు అడిగేవారు తమ వ్యక్తిగత విషయాన్ని దాచుకోవచ్చు, తప్పులేదు. అయితే ఆ లాభాన్నే ప్రకటనగా వాడుకునే హక్కు అప్పుడు ఉండకూడదు.

పాఠ్యపుస్తకం సంగతి ఇంకా బాధ కలిగించింది. రంగుల అట్ట వేసి ఇచ్చిన ఆ పుస్తకంలో బ్యాంక్ నిఫ్టీ (బ్యాంకు షేర్ల సూచీ) వారపు ఎక్స్‌పైరీ (ఆప్షన్ల గడువు ముగిసే రోజు) మీద పద్దెనిమిది పేజీల వ్యూహం ఉంది. సూచీల వారపు ఆప్షన్లను ఒక్కో ఎక్స్ఛేంజికి ఒక్క సూచీకే పరిమితం చేస్తూ 2024 అక్టోబరులో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించగా, ఆ నవంబరులోనే బ్యాంక్ నిఫ్టీ వారపు ఎక్స్‌పైరీ ఆగిపోయింది. మేము చేరేనాటికి తొమ్మిది నెలలైంది. నిఫ్టీ లాటు కూడా అందులో 25 అనే ఉంది. దాన్ని నమ్మి లెక్క వేసుకున్నవాడు తాను అనుకున్నదానికి మూడు రెట్ల నష్టానికి సిద్ధపడినట్టే. సెప్టెంబరు 1 నుంచి నిఫ్టీ ఎక్స్‌పైరీ గురువారం నుంచి మంగళవారానికి మారిన సంగతి ఒక విద్యార్థి చెబితే గాని తరగతిలో ప్రస్తావనకు రాలేదు.

వారానికి రెండు రోజులు ఉదయం తొమ్మిదింబావు నుంచి 'లైవ్ మార్కెట్' తరగతి ఉండేది. చేరేటప్పుడు ఎక్కువగా ఆకర్షించేది ఇదే. చార్టు కదులుతుండగా 'ఇక్కడ తీసుకోవచ్చు' అని ఆయన అనడమూ, ముందు వరుసలోని కుర్రవాళ్లు ఫోన్లలో టకటకా నొక్కడమూ నేను కళ్లారా చూశాను. విద్య పేరుతో పాఠం చెప్పేవారు గత మూడు నెలల ధరల సమాచారాన్ని వాడి ఫలానా షేరు గురించి చెప్పకూడదని, సలహా ఇవ్వాలంటే నమోదు ఉండాలని సెబీ 2025 జనవరి 29న స్పష్టం చేసింది. పాఠం చెప్పడానికి సెబీ అనుమతి అక్కరలేదు, కొనుగోలు అమ్మకాల సలహా ఇవ్వడానికి కావాలి. గోడకు అద్దాల చట్రంలో వేలాడదీసిన ఎన్ఐఎస్ఎం (సెబీ నెలకొల్పిన శిక్షణ, పరీక్షల సంస్థ) ధ్రువపత్రం ఆ పరీక్ష ఉత్తీర్ణులయ్యారని మాత్రమే తెలుపుతుంది. అది నమోదు కాదు. రిసెర్చ్ ఎనలిస్టు నమోదు సంఖ్య ఐఎన్‌హెచ్‌తోనూ, పెట్టుబడి సలహాదారు సంఖ్య ఐఎన్ఏతోనూ మొదలవుతుంది, సెబీ వెబ్‌సైటులో ఎవరైనా సరిచూసుకోవచ్చు. 2023 అక్టోబరులో యూట్యూబులో ప్రసిద్ధుడైన ఒక శిక్షకుడి నుంచి 17.2 కోట్ల రూపాయలు జమ చేయించాలని సెబీ ఆదేశించింది ఇటువంటి ఆరోపణ మీదనే.

ఈ లైవ్ తరగతుల కాలంలో మా మేనల్లుడు 'సాధన' పేరిట 23,400 రూపాయలు పోగొట్టుకున్నాడు. ఖాతా కూడా సంస్థ ఇచ్చిన లింకు ద్వారానే తెరిచాడు, అలా తెరిస్తే ఫీజులో 2,000 తగ్గిస్తామన్నారు. ఆ లింకు ద్వారా చేరిన ఖాతాలలో జరిగే ప్రతి ట్రేడు మీదా సంస్థకు బ్రోకరేజీలో వాటా వస్తుందని కాగితాలు చదివితే తెలిసింది. విద్యార్థి గెలిచినా ఓడినా, ఎక్కువసార్లు కొని అమ్మితే గురువుకు ఆదాయం పెరిగే ఏర్పాటు అది. ఇది చట్టవిరుద్ధమని నేను అనడం లేదు, కానీ చేరేనాడే నోటితో చెప్పవలసిన విషయం.

ఇక ఖరీదు తగునా కాదా అన్న ప్రశ్నకు నేను వేసుకున్న లెక్క ఇది. మా మేనల్లుడి దగ్గర ఉన్న పెట్టుబడి రెండు లక్షలు. 41,300 అంటే అందులో 20 శాతం పైమాటే. అంటే మొదటి ఏడాది ఖర్చులూ పన్నులూ పోను ఇరవై శాతానికి పైగా సంపాదిస్తే గాని ఫీజు తిరిగి రాదు. అడ్వాన్స్ కోర్సు కూడా కడితే రెండూ కలిపి 1,16,300, పెట్టుబడిలో సగానికి మించి. దీని పక్కన సెబీ లెక్కలు పెట్టి చూడాలి. 2021-22 నుంచి 2023-24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన కోటికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని, ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం మిగిలినవారు ఒక్క శాతమేనని 2024 సెప్టెంబరు అధ్యయనం తేల్చింది. 2024-25లోనూ నష్టపోయినవారు 91 శాతం; ఈ వ్యాపారంలో దిగిన వ్యక్తులందరి నికర నష్టం కలిపి లక్షా అయిదు వేల కోట్ల పైన. కోచింగ్ తీసుకున్నవారు వేరుగా, తీసుకోనివారు వేరుగా ఈ లెక్కల్లో లేరు. కోచింగ్ నిజంగా ఆ ఒక్క శాతంలోకి చేర్చగలిగితే, దాన్ని ఆధారాలతో చూపవలసిన బాధ్యత ఫీజు తీసుకునేవారిదే.

ఇంగ్లీషు చదవడం కష్టమైన వారికి, ఒక్కరే కూర్చుని నేర్చుకోలేనివారికి తెలుగులో ఎదురుగా చెప్పే గురువు అవసరమేనని బొబ్బిలి వ్యాపారిని చూశాక ఒప్పుకుంటాను. అటువంటి పన్నెండు రోజుల పాఠానికి నాలుగైదు వేల రూపాయలు న్యాయమైన ధర. చదవగలిగినవారికి ఎన్ఐఎస్ఎం ఈక్విటీ డెరివేటివ్స్ పరీక్ష పుస్తకం ఉచితంగానే దొరుకుతుంది, పరీక్ష ఫీజు కూడా రెండు వేల లోపే. జెరోధా అనే బ్రోకరు సంస్థ వర్సిటీ పేరుతో వెబ్‌సైటులో పెట్టిన పాఠాలకు పైసా ఖర్చు లేదు. మా కోర్సులో ఒక్క నిమిషం కూడా ప్రస్తావించని ఆదాయపు పన్ను విషయం వర్సిటీలో ఒక పూర్తి భాగంగా ఉంది. ఆప్షన్ల నష్టాన్ని వ్యాపార నష్టంగా గడువులోగా ఐటీఆర్-3 పన్ను రిటర్నులో చూపితే ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకుపోయి తర్వాతి వ్యాపార లాభాల్లో తగ్గించుకోవచ్చన్నది నష్టపోయిన కుర్రవాడికి మొదట తెలియవలసిన మాట.

డబ్బు కట్టేముందు రసీదు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి. మా రసీదులో 6,300 జీఎస్టీ అని ఉంది గాని నంబరు లేదు. అడిగితే ఇస్తామన్నారు, ఇంతవరకు ఇవ్వలేదు. 'కట్టిన ఫీజు వాపసు ఇవ్వబడదు' అన్న ముద్ర మాత్రం స్పష్టంగా ఉంది. సెబీ స్కోర్స్ వేదిక నమోదైన సంస్థల మీది ఫిర్యాదులకే కనుక, ముందుగా 1915కు ఫోను చేసి వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయించాను.

సిరిమాను పండుగ వెళ్లిన వారానికి సంస్థ నుంచి ఫోను వచ్చింది. అడ్వాన్స్ కోర్సు 75,000 బదులు 60,000కే ఇస్తామని, ఆ తగ్గింపు దీపావళి వరకేనని చెప్పారు. ఫోను మా మేనల్లుడే ఎత్తాడు. ఏడాది కాంట్రాక్ట్ నోట్లు చూపిస్తే వస్తామన్నాడు; అటునుంచి మళ్లీ ఫోను రాలేదు. డబ్బు పెట్టకుండా కాగితం మీదే రెండు వందల ట్రేడులు, ఒక్కోదానికి 60 రూపాయల ఖర్చు కూడా తీసివేసి రాయాలని మేమిద్దరం అనుకున్నాం. నోటుపుస్తకంలో ఇప్పటికి ముప్పై ఒక్క వరుసలు నిండాయి.