అడవి చూపించే పనికి ఏ చదువు మేలు: గచ్చిబౌలా, ములుగా, మన్ననూరా?

మా అక్క కొడుకు ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేశాడు. నీట్ మాత్రం రాయనన్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఒకరోజు సాయంత్రం నా దగ్గరికొచ్చి, "పిన్నీ, నాకు అడవిలో పని కావాలి. టూరిస్టులకి అడవి చూపించే పని. దానికి ఏం చదవాలో నువ్వే చెప్పు" అన్నాడు. నేను హైదరాబాద్‌లో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను, ఏటా ఒక బ్యాచ్‌ని అమ్రాబాద్ పులుల అడవి అంచునున్న మన్ననూరు తీసుకెళ్తాను. అయినా వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నెల రోజులు ఆలోచించి, నలుగురినీ అడిగి వాడికి ఏం చెప్పానో ఇక్కడ రాస్తున్నాను. ఇలా అడిగే పిల్లలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నారు.

వాడికి ఈ కోరిక ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. పోయిన వేసవిలో మా పిల్లలతో పాటు వాడినీ అమ్రాబాద్ అడవికి తీసుకెళ్లాను. మా జీపులో గైడుగా వచ్చింది ఒక చెంచు కుర్రాడు, దగ్గర్లోని పెంటలోనే ఉంటాడు. చెంచులు తమ గూడేన్ని పెంట అంటారు. ఎండిన వాగు దగ్గర అతను చెయ్యెత్తాడు, డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. పైన కొండముచ్చు అరుస్తోంది. "అరుపు ఆగట్లేదంటే కింద చిరుత కదులుతోందమ్మా" అన్నాడు మెల్లగా. జీపులో మాతో పాటు ఎక్కిన ఒకాయన వాగులోకి దింపి చూపించమని ఐదువందల నోటు మడిచి అతని చేతిలో పెట్టబోయాడు. "వద్దు సార్. మన వాసన తగిలితే అది నీళ్లకి రాదు. ఈ ఎండలకి దగ్గర్లో ఇంకో నీటి గుంట లేదు" అని నోటు వెనక్కిచ్చేశాడు. ఆ మాట మావాడి మనసులో పడిపోయింది.

నా మనసులోనూ పడింది. ఈ ఉద్యోగానికి ఏ చదువునైనా నేను ఆ 'వద్దు సార్' తోనే కొలిచాను.

మొదటి దారి టూరిజం చదువు. గచ్చిబౌలిలో జాతీయ పర్యాటక, ఆతిథ్య నిర్వహణ సంస్థ ఉంది, అందరూ నిథమ్ అంటారు. కాస్త దూరమైనా పర్లేదనుకుంటే నెల్లూరులో కేంద్ర పర్యాటక శాఖ వాళ్ల ఐఐటీటీఎం (భారత పర్యాటక, ప్రయాణ నిర్వహణ సంస్థ) క్యాంపస్ ఉంది. బుకింగులు, లెక్కలు, వంటగది శుభ్రత, కోపంగా ఉన్న మనిషితో మాట్లాడే తీరు అక్కడ బాగా నేర్పుతారు. వీటిని తక్కువ చేయడానికి లేదు. అడవి అంచున ఒక కాటేజీ పాడవడం చాలాసార్లు మరుగుదొడ్డితోనో చెత్తకుప్పతోనో మొదలవుతుంది. పారేసిన అన్నం కోసం కోతులు వస్తాయి, కుక్కలు వస్తాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది.

కానీ ఆ చదువు ప్రాణమంతా అతిథిని కాదనకపోవడంలో ఉంది. ఒకసారి ఒక అడవి పక్క రిసార్టులో దిగాం. మేనేజర్ చాలా మర్యాదస్తుడు, పెద్ద హోటళ్లలో పని నేర్చుకుని వచ్చాడు. రాత్రి తొమ్మిదింటికి పుట్టినరోజు స్పీకర్లు మోగుతున్నాయి, నీటి గుంట మీదకి ఫ్లడ్‌లైటు తిప్పారు. వెళ్లి అడిగితే, "గెస్టులు అడిగారు మేడమ్" అన్నాడు. ఆయన తప్పు చేస్తున్నాననుకోలేదు. తనకి నేర్పిన పనే చక్కగా చేస్తున్నాడు.

రెండో దారి ఫారెస్ట్రీ. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది (సమ్మక్క సారలమ్మల ములుగు జిల్లా వేరు, రాజీవ్ రహదారి మీద వచ్చే ఈ ములుగు వేరు). 2016లో మొదలైంది. నాలుగేళ్ల బీఎస్సీ, బైపీసీ పిల్లలకి ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్) ర్యాంకుతో సీటు. నేల, చెట్టు, నీరు, జంతువు, అటవీ చట్టాలు అన్నీ ఒక వరసలో వస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తెలిసినవాడికి వాగులోకి ఎందుకు దిగకూడదో ఎవరూ చెప్పక్కర్లేదు. లోటు ఒకటే. అక్కడ చదివిన పిల్లల్లో ఎక్కువమంది చూపు సర్కారు కొలువు మీద ఉంటుంది. పాతికమంది బడిపిల్లల్ని అరగంట కదలకుండా కూర్చోబెట్టి చెదపురుగుల పుట్ట గురించి చెప్పమంటే తడబడతారు. మనుషులతో మాట్లాడటం కూడా సాధన చేయాల్సిన విద్యే.

మూడోది మామూలు బీఎస్సీ జువాలజీ, బోటనీ. ఖర్చు తక్కువ, ఇంటి నుంచే వెళ్లొచ్చు. డిగ్రీ ఒక్కటే అయితే దేనికీ చాలదు. కానీ ఈ ఊరు మనకి చాలా ఇస్తుంది, తీసుకునే ఓపిక ఉండాలంతే. వనస్థలిపురంలో కృష్ణజింకలున్నాయి, జూబ్లీహిల్స్ నడిమధ్య కేబీఆర్ పార్కుంది, అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ హోదా వచ్చింది. అత్తాపూర్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వాళ్ల లాకోన్స్ ఉంది, అంతరించిపోతున్న జంతువుల్ని కాపాడే ప్రయోగశాల అది. వాళ్లూ నెహ్రూ జూ వాళ్లూ కలిసి 2010 నుంచి మూషిక జింకల్ని పెంచి తర్వాత అమ్రాబాద్ అడవిలో వదిలారు. పులి కనపడలేదని మొహం వేలాడేసుకున్న టూరిస్టుకి ఆ చిన్న జింక కథ చెప్పగలిగితే సగం అలక తీరుతుంది. మూడేళ్లు ప్రతి ఆదివారం పక్షులు చూసి రాసుకున్న పిల్లాడికి, ఏమీ చూడని పిల్లాడికి ఒకే సర్టిఫికెట్ వస్తుంది. అదే ఈ దారిలో ఇబ్బంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మావాడికి కాగితం మీద గీసి చూపించాను కూడా. ఒక అడవి రోజుకి ఎన్ని జీపుల్ని మోయగలదో లెక్కకట్టే పద్ధతి ఉంది. 20 కిలోమీటర్ల బాట ఉందనుకోండి. జీపుకీ జీపుకీ 500 మీటర్ల ఎడం ఉండాలంటే ఒక్కసారికి 40 జీపులు పడతాయి. అది పైపై అంకె. వానకి బాట కోసుకుపోయే చోట్లు, జంతువులు పిల్లల్ని పెట్టే కాలం, నీటి గుంటల దగ్గర రద్దీ, ఇవన్నీ తీసేస్తూ పోతే ఆ 40 కాస్తా 15 అవుతుందనుకుందాం. చివర్లో ఇంకో కోత ఉంటుంది: ఉండాల్సిన సిబ్బందిలో ఎంతమంది ఉన్నారు? సగమే ఉంటే 15లో సగం, అంటే ఏడు జీపులే. నేర్చిన మనుషులు అడవి మోసే శక్తిలో ఒక భాగమని ఆ లెక్కే చెప్తోంది. 2012లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ తెచ్చిన మార్గదర్శకాలు పులుల అడవి నడిబొడ్డు విస్తీర్ణంలో పర్యాటకాన్ని 20 శాతం మించనివ్వలేదు, ప్రతి అడవీ ఇలా తన లెక్క తాను కట్టుకోవాలన్నాయి. ఈ లెక్క కట్టగలిగిన పిల్లలు నాకు ఫారెస్ట్రీ వైపే ఎక్కువ కనిపించారు.

ఇక మన్ననూరు. శ్రీశైలం రోడ్డులో వెళ్తే హైదరాబాద్ నుంచి 140 కిలోమీటర్లు ఉంటుంది. చిరుత కోసం జీపు ఆపిన ఆ రోజు మధ్యాహ్నం అదే చెంచు గైడు ఒక చెట్టు కింద నుంచి గుండ్రటి గింజ ఏరి మావాడి చేతిలో పెట్టాడు. చిల్లగింజ. "కుండ లోపల దీన్ని అరగదీసి బురద నీళ్లు పోస్తే తేరుకుంటాయి" అన్నాడు. ఆ చెట్టు శాస్త్రీయ నామం స్ట్రిక్నస్ పొటాటోరం అని నేను ఏటా బోర్డు మీద రాస్తాను. కానీ కుండలో అరగదీసి చూసింది ఆ మర్నాడే. గంటలో నీళ్లు తేటబడ్డాయి.

కాబట్టి జీపు ముందు సీటు ఆ కుర్రాడిదే. నగరం పిల్లలు నాలుగేళ్లు చదివొచ్చి ఆ సీటు అడగడం నాకు న్యాయంగా అనిపించదు. కేరళలోని పెరియార్‌లో 1990ల చివర్లో ఇదే చేశారు. దొంగచాటుగా చెట్ల బెరడు ఒలిచి అమ్ముకునేవాళ్లని సంఘంగా కూర్చి, వాళ్లకే గైడు పని, గస్తీ పని అప్పజెప్పారు. దొంగ దారులన్నీ తెలిసినవాళ్లు కాబట్టి కాపలాకి వాళ్లని మించినవాళ్లు దొరకలేదు. మన మారేడుమిల్లిలోనూ చుట్టుపక్కల గిరిజనులే పర్యాటకాన్ని నడిపే పద్ధతి ఉంది. పెంటల పిల్లలకి మనం నేర్పాల్సింది కొంచెమే: నాలుగు ముక్కల హిందీ, ఇంగ్లీషు, పాము కాటుకి కట్లు బిగించకుండా, గాటు పెట్టకుండా ఆసుపత్రికి చేర్చడం, వాకీటాకీ వాడకం. మిగతాది వాళ్ల దగ్గరే ఉంది. అంతకంటే ముఖ్యంగా వాళ్లకి నెల జీతం ఉండాలి. టిప్పు మీద బతికే మనిషి ఐదువందల నోటుని ఒకరోజు వద్దంటాడు, ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు ఏమంటాడు?

మావాడికి ఇదంతా చెప్పాను. గైడు కావాలన్న ఆశ పక్కన పెట్టమన్నాను. గైడులకి నేర్పే పని, జీపుల లెక్క కట్టే పని, చెత్త లోపలికి పోకుండా చూసే పని, రిసార్టు వాళ్లకి ఎదురు నిలబడి లైటు ఆపించే పని వాడివి. దానికి ములుగు మేలు. ర్యాంకు రాకపోతే మామూలు బీఎస్సీ, దానితో పాటు ప్రతి ఆదివారం చెరువు గట్టు. తర్వాత డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థలో ఎమ్మెస్సీకి ప్రయత్నించొచ్చు. టూరిజం చదువు మొదట వద్దు. అడవి గురించి నాలుగేళ్లు నేర్చుకున్నాక ఏడాది డిప్లొమాగా చేస్తే అప్పుడది బాగా అక్కరకొస్తుంది.

మా అక్క ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. వాడు మాత్రం కౌన్సెలింగ్‌లో మొదటి ఆప్షన్‌గా ములుగు పెడతానన్నాడు. సెలవుల్లో మన్ననూరులో రెండు నెలలు ఉంటానని, పెంటల పిల్లలకి ఇంగ్లీషు చెప్తానని అడిగాడు. ఇంగ్లీషు చెప్పినందుకు వాళ్ల దగ్గర అడుగుజాడలు చదవడం నేర్చుకుని రమ్మన్నాను.