రాత్రి విద్యుత్తుకు కరిగిన ఉప్పా, బ్యాటరీలా: దుబాయ్, అబుదాబి మార్గాలు

పగటి ఎండను రాత్రి విద్యుత్తుగా అందించడానికి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని రెండు ఎమిరేట్లు వేర్వేరు మార్గాలను ఎంచుకున్నాయి. దుబాయ్‌లోని మహమ్మద్ బిన్ రషీద్ అల్ మక్తూమ్ సౌర పార్కు నాలుగో దశలో, టర్బైన్లు 15 గంటల వరకు తిరగడానికి సరిపడే వేడిని అద్దాల సాయంతో సేకరించి కరిగిన లవణాలలో దాచుతారు. అబుదాబిలో అక్కడి ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన సంస్థ మస్దార్ 2025లో ప్రకటించిన ప్రాజెక్టు, 5.2 గిగావాట్ల సౌర పలకలకు 19 గిగావాట్-గంటల బ్యాటరీలను జోడించి, రేయింబవళ్లు 1 గిగావాట్ సరఫరా చేయాలన్న లక్ష్యంతో రూపొందింది.

అసలు తేడా ధూళి దగ్గర బయటపడుతుంది. అద్దాలకు నేరుగా పడే కిరణాలే కావాలి కనుక, గాలిలో దుమ్ము కమ్మిన రోజున వాటి రాబడి బాగా పడిపోతుంది; సౌర పలకలు మాత్రం చెదిరిన వెలుతురును కూడా వాడుకుంటాయి. ఇక వేసవి వేడిమి బ్యాటరీల ఆయుష్షును తగ్గిస్తుంది, వాటిని చల్లబరచడానికే కొంత విద్యుత్తు ఖర్చవుతుంది. లవణాలకు ఆ బెడద లేదు. పైగా బరువైన ఆవిరి టర్బైన్ల భ్రమణం గ్రిడ్ పౌనఃపున్యాన్ని (విద్యుత్తు సెకనుకు ఎన్నిసార్లు డోలనం చెందుతుందన్న లెక్కను) నిలకడగా ఉంచుతుంది, ఇది చిన్న మేలు కాదు. అయినా, దాచిన విద్యుత్తులో అధిక భాగాన్ని తిరిగి ఇవ్వగలగడం, ధరలు వేగంగా దిగిరావడం చూస్తే, కొత్తగా కట్టే ప్రాజెక్టుకు నేను బ్యాటరీలనే సమర్థిస్తాను.